బూట్లలో దాణా బస్తా

మా పార్కులో పొద్దున్నే చేరే పెద్దమనుషులు ఈమధ్య ఒక చర్చ పెట్టుకున్నారు. పరుగెత్తేవాళ్లు బూట్లలో విడిగా కొన్న మెత్తటి సోళ్లు వేసుకోవాలా, బూటు ఎట్లా వస్తే అట్లాగే తొడుక్కోవాలా? ఒకాయన వేసుకోవాలంటాడు, ఇంకొకాయన అంతా దోపిడీ అంటాడు. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు. అడక్కపోతే మానె! ఈ విషయం నాకు తెలిసినంత ఈ ఊళ్లో ఇంకెవడికీ తెలియదు. నేను బూట్లలో దాణా బస్తా పెట్టుకుని పరుగెత్తినవాణ్ణి.

డెబ్బైలనాటి మాట. లాల్‌దర్వాజాలో మా ఇల్లు, ఇంటి వెనక కొట్టం, కొట్టంలో ఏడు బర్రెలు. నాకు ఇరవై ఒక్కేళ్లు. పొద్దు పొడవకముందే పాలు పిండడం, క్యాను భుజాన వేసుకుని గల్లీ గల్లీ తిరగడం, పేడ ఎత్తడం, సాయంత్రం మళ్లీ అదే. ఎంత సబ్బు రుద్దినా వేళ్ల సందుల్లో పేడ వాసన పోయేది కాదు. ఒకసారి సినిమాహాల్లో నా పక్కన కూర్చున్నవాడు ముక్కు మూసుకుని వేరే సీటుకు పోయాడు. సినిమా ఏమైందో నాకు గుర్తులేదు గానీ, ఆ ఖాళీ సీటు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. చస్తే చస్తాను గానీ బర్రెల దగ్గర ముసలివాణ్ణి కానని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను.

ఊరి అంచున ఒక సర్కారు ఫ్యాక్టరీలో గేటు కాపలా ఉద్యోగాలు పడ్డాయి. చదువు సరిపోయింది, ఎత్తు సరిపోయింది. ఇక మిగిలింది పరుగు. ఆరు నిమిషాల్లో మైలు పరుగెత్తాలి, అదీ బూట్లు తొడుక్కునే. ఈ సంగతి చెప్తే బాపు, అంటే మా నాన్న, కుడితి కలుపుతూ తల కూడా ఎత్తలేదు.

"పో. గెలిస్తే నౌకరికి పో, నేనేమన్న. ఓడినవనుకో, ఇగ నౌకరి మాట నా ముంగట తియ్యొద్దు. బర్రెల కాడనే ఉండాలె. సమజైందా?"

"సమజైంది బాపు."

వట్టి కాళ్లతోనైతే నాకు ఫికరే లేదు. పాల క్యానుతో గల్లీ కుక్కలను దాటినవాణ్ణి. కానీ పుట్టి బుద్ధెరిగాక కాళ్లకు బూట్లు తొడిగింది లేదు.

అమ్మను తీసుకుని బేగంబజార్ పోయాను. అది నేను చేసిన మొదటి తప్పు. అమ్మ ఏది కొన్నా పదేళ్లు రావాలంటుంది. దుకాణదారు నా కాలు చూసి ఏడో నంబరు తీశాడు.

"తొమ్మిది తియ్యి భయ్యా. పోరడు ఇంక పెరుగుతడు," అంది అమ్మ.

"మీసాలొచ్చినయ్ గదనే, ఇంకేం పెరుగుత?"

"కాళ్లు పెరుగుతయ్ రా. మీ తాతవి సచ్చేదాక పెరిగినయ్."

దుకాణదారు నవ్వాపుకోలేక బూట్లు కాగితంలో చుట్టి ఇచ్చేశాడు. తెల్లటి కాన్వాసు బూట్లు. వేసుకుని నడిస్తే కాలు ముందు పోయేది, బూటు తీరిగ్గా వెనక వచ్చేది.

సోళ్ల యవ్వారం అక్కడ మొదలైంది. తప్పు తనదే కాబట్టి అమ్మ పాత బొంత కత్తిరించి లోపల పరిచింది. రెండు రోజులు రాజాలా ఉంది. మూడోనాటికి దూదంతా వేళ్ల కింద ఉండ కట్టింది. కోడిగుడ్డు మీద అడుగు వేస్తున్నట్టు భయం భయంగా పరుగెత్తాను. తర్వాత గుడి మలుపులో కూర్చుని చెప్పులు కుట్టే మోచీ తాత దగ్గరికి పోయాను.

"ఉరికేది కాలు బిడ్డా, సోలు గాదు," అన్నాడు తాత. "అయినా అడిగినవ్ గనుక కోసిస్త."

తోలు సోలు చూడటానికి దివ్యంగా ఉంది. చెమట పట్టేసరికి సబ్బుబిళ్లలా జారింది. కాలు రయ్యిమని ముందుకు పోయి బొటనవేలు బూటు గోడకు కొట్టుకుంది. గోరు నల్లబడింది. పరుగుకు ఇక పది రోజులే మిగిలాయి. గడప మీద కూర్చుని ఆ వేలు పట్టుకుని ఏడ్చాను. సిగ్గేముంది, ఏడ్చాను. జీవితమంతా పేడ ఎత్తాల్సిందే అనుకున్నాను.

బాపు వచ్చి వేలు చూశాడు, బూటు చూశాడు.

"తల్లీకొడుకులు పైసలన్ని దండుగ జేస్తున్రు," అని కసిరి, కొట్టంలోంచి ఖాళీ దాణా బస్తా పట్టుకొచ్చాడు. పత్తిగింజల చెక్క వచ్చే బస్తా అది. నూనె పీల్చి పీల్చి మందంగా, మెత్తగా అయింది. నా కాలు దాని మీద పెట్టించి బొగ్గుతో గీత గీశాడు. కొడవలితో కోసి, మూడేసి పొరలు కలిపి దబ్బనంతో కుట్టాడు.

తొడిగాను. జారలేదు, ఉండ కట్టలేదు. తొమ్మిదో నంబరు బూటు నా కాలికి అతికినట్టు కూర్చుంది.

"ఎట్లుంది?"

"మస్తుంది బాపు!"

"ఎందుకుండది? బర్రెల తిండి మోసిన బస్తా, నిన్ను మొయ్యదా?"

ఒక్కటే లొల్లి. బూట్లు గడపలో విప్పితే చాలు, మా వంకరకొమ్ము బర్రె మూతి లోపలికి దూర్చి నాకేది. బూట్లతో కొట్టంలోకి పోతే తాడు తెగేదాకా నా వెనకే గుంజేది. దాణా అక్కడుందని దాని నమ్మకం. అమ్మ దాన్నీ నన్నూ కలిపి తిట్టేది. బాపు మాత్రం బీడీ తాగుతూ అంతా చూసేవాడు.

పరుగు రోజు వచ్చింది. ఫ్యాక్టరీ పక్క మైదానంలో నాలుగు చుట్లు. ఆ పక్క బీడు భూమిలోనే బాపు బర్రెలను మేపేవాడు. ఆ పొద్దున వంకరకొమ్ముదాన్ని ఒక్కదాన్నే తోలుకొచ్చి, తాడు పట్టుకుని మైదానం అంచున నిలబడ్డాడు. నాకు ఒళ్లు మండింది. నేను ఓడగానే అక్కణ్ణుంచే కొట్టానికి తోలుకుపోదామని వచ్చాడనుకున్నాను.

విజిల్ పడింది. రెండు చుట్లు బాగానే ఉరికాను. మూడో చుట్టులో డొక్కలో పోటు మొదలైంది. గడియారం పట్టుకున్న ఆఫీసరు "జల్దీ, జల్దీ!" అని అరుస్తున్నాడు. ముందున్నవాళ్లు దూరమైపోయారు. నాలుగో చుట్టు మొదట్లో బాపు ముందు నుంచి పోతుంటే కాళ్లు దాదాపు నిలిచిపోయాయి. అయిపోయింది, ఇక పేడే, అనుకున్నాను.

అప్పుడు వెనక భూమి అదిరింది. తిరిగి చూస్తే వంకరకొమ్ముది! తోక లేపి, మెడ చాచి, నా మడమల మీదే కన్ను పెట్టి వస్తోంది. ఓరి నాయనో! డొక్క పోటు ఎటు పోయిందో తెలియదు. నా ముందున్నవాళ్లు దాన్ని చూసి చెల్లాచెదురయ్యారు. ఒకడు వేపచెట్టెక్కాడు. గీత దాటి ఇంకా ఉరుకుతూనే ఉన్నాను, చివరికి బొక్కబోర్లా పడ్డాను. అది నింపాదిగా వచ్చి నా బూటు నాకడం మొదలుపెట్టింది.

ఆఫీసరు ఊగిపోతూ వచ్చాడు. "యే భైంస్ కిస్కీ హై?"

"మాదే సాబ్. తాడు జారింది," అన్నాడు బాపు, మెల్లగా నడుచుకుంటూ వచ్చి.

ఆఫీసరు గడియారం చూశాడు. ఆరు నిమిషాలకు ఇంకా పది సెకన్లు మిగిలే ఉన్నాయి. "గిప్పుడు వీడు ఉరికిండా, బర్రె ఉరికిచ్చిందా?"

"కాళ్లయితే మావోనియే సాబ్."

ఆయన చేతిలో కాగితం అటూ ఇటూ తిప్పాడు. పెదవులు బిగబట్టాడు గానీ నవ్వు ఆగలేదు. "బూట్లు ఉండాలని రాసుంది. బర్రె ఉండొద్దని యాడ లేదు," అని నా పేరు రాసుకున్నాడు.

ఇంటికి నడుస్తుంటే బాపు చేతుల వైపే చూస్తూ వచ్చాను. దున్నపోతులను ఊరేగించే సదర్ పండుగనాడు, బ్యాండు మోతకు బెదిరి దున్నపోతు వెనకకాళ్ల మీద లేచినా తాడు జారని చేతులవి.

"బాపు, తాడు నిజంగనే జారిందా?"

"జారింది. ముసలోణ్ణయిన గద రా."

ఆయనకప్పుడు నలభై ఐదేళ్లు.

డ్యూటీకి పోయే మొదటి రోజు పొద్దున చూస్తే, గడపలో నా బూట్లు తళతళలాడుతున్నాయి. లోపల కొత్త సోళ్లు. అదే దబ్బనం కుట్టు, అవే మూడు పొరలు. గోనె మాత్రం ఉతికి ఉతికి తెల్లబడింది.

"మూడు దినాలు సబ్బు బెట్టి ఉతికి ఎండేసిన," అన్నాడు బాపు. "ఇగ ఏ బర్రె నీ ఎంట రాదు. పో."

అని, రోజూ నేను మోసే పాల క్యాను తన భుజానికి ఎత్తుకుని గల్లీలోకి వెళ్లిపోయాడు. నేను ఒక బూటు ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఎంత పీల్చినా సబ్బు వాసనే. ఫ్యాక్టరీ గేటు దాకా ఏడుస్తూనే నడిచాను.