మా చుక్కికి బావ చేసిన వైద్యం

1961, వానాకాలం మొదట్లో ఒక ఆదివారం. హాజరైనవారు: బాపు, అమ్మ, అవ్వ (బాపు తల్లి), అక్క, పెళ్లయ్యాక తొలిసారి మా ఇంట్లో కొన్నాళ్లు ఉందామని వచ్చిన బావ, నేను, మా పిల్లి చుక్కి. హాజరైనవారిలో పిల్లిని రాయడమేమిటని ఈ మధ్య నా ఆనాటి డైరీ చూసి మా మనవరాలు నవ్వింది. ఆ రోజు ఆ ఇంట్లో బుద్ధిగా నడుచుకున్నది అదొక్కటే, అందుకని రాశాను.

ఆ కాలంలో మా కల్వకుర్తి వైపు పల్లెల్లో కొత్త అల్లుడికి ఎదురు మాట అనేది ఉండేది కాదు. కూరలో ఉప్పెక్కువైందని ఆయన అంటే, అమ్మ అసలు ఉప్పే వేయడం మరిచిపోయి ఉన్నా సరే, ఎక్కువైనట్టే. ఆయన హాస్యమాడితే అందరూ నవ్వాలి. ఆయన అలిగి బయలుదేరాడా, ఇక అక్క అత్తగారింట్లో తలెత్తుకోలేదు, బాపు ఊళ్లో తలెత్తుకోలేడు. ఈ పద్ధతి ఎవరు పెట్టారో తెలియదు గాని, వాళ్ల మీద నాకు ఇప్పటికీ కోపమే. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు. మెట్రిక్ పాసై, ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ, ఏ పనైనా ఒక పద్ధతి ప్రకారం చేస్తే ప్రపంచం దారికొస్తుందని గట్టిగా నమ్మే రోజులవి. డైరీ రాయడం మొదలుపెట్టిందీ అప్పుడే.

చుక్కి నుదుట తెల్లమచ్చ ఉన్న నల్లపిల్లి. కళ్లు తెరవకముందే తల్లి వదిలేసి పోతే, పశువుల కొట్టంలోంచి తెచ్చి, దూదిని పాలలో ముంచి తాపించి పెంచాను. విత్తనానికని దాచిన పల్లికాయ సంచుల దగ్గరికి ఎలుకను రానిచ్చేది కాదు. అటువంటి పిల్లికి ఆ ఏడు ఎండాకాలం చివర ఎగిరే పేలు పట్టాయి. మామూలు పేను పాకుతుంది, దొరుకుతుంది. ఇవి చూస్తుండగానే వెంట్రుకల్లోంచి ఎగిరి చాపలో పడతాయి, చాపలోంచి మన పిక్కల మీదికి వస్తాయి. నేను దానికొక పద్ధతి పెట్టుకున్నాను. పొద్దున్నే అవ్వ పేలదువ్వెనతో చుక్కిని దువ్వి, దొరికినవాటిని నీళ్లలో వేయడం, చాపలూ బొంతలూ ఎండలో వేసి దులపడం, మూలమూలా ఊడ్వడం. (ఆ దువ్వెనను తిరిగి అవ్వ పెట్టెలో పెట్టేముందు వేడినీళ్లతో కడిగేవాణ్ని. అవ్వకు చెప్పేవాణ్ని కాదు.) ఇంకొన్నాళ్లు ఆగితే పేలు మొత్తం పోయేవి. సరిగ్గా అప్పుడే బావ వచ్చాడు.

"అత్తా, మంచంల ఏందో మెసులుతాంది," అన్నాడు మొదటి రోజు పొద్దున, పిక్కలు గోక్కుంటూ.

"నల్లులు లేవు బిడ్డా. నిన్ననే సలసల కాగే నీళ్లు పోసి ఎండల ఏసిన," అంది అమ్మ.

"నల్లులు గావు. నల్లి ఎగురుతదా? గివి ఎగురుతున్నయి."

సరిగ్గా అదే సమయానికి చుక్కి మంచం కిందినుంచి వచ్చి, ఆయనకు ఎదురుగా కూర్చుని, వెనక కాలితో చెవి వెనక బరబరా గోక్కుంది. ఇక సాక్ష్యంతో పని లేకపోయింది. "మామా, గీ ఇల్లు మీదా, పిల్లిదా?" అన్నాడు బావ. అందరూ నవ్వారు. బాపు నవ్వి, నవ్వు అయిపోయాక నావైపు తిరిగి, "ఎప్పటిసంది చెప్తున్న నీకు, దాన్ని బయట కట్టెయ్యమని" అన్నాడు. బాపు ఆ మాట అంతకుముందు ఎన్నడూ అనలేదు. పిల్లిని కట్టేయమని లోకంలో ఎవరూ అనరు. ('అబద్ధం' అని డైరీలో రాసి కింద గీత గీశాను.)

"గింత దానికి ఫికర్ ఎందుకు మామా," అన్నాడు బావ. "మా మందల గొర్రెపిల్లలకు పేలు పడ్తే ఒక్క పూటల సాఫ్ చేస్త. సీతాఫల్ గింజలున్నయా ఇంట్ల?"

వాళ్లది ఆత్మకూర్ వైపు పెద్ద మంద. గొర్రెల సంగతి ఆయనకు తెలుసు, కాదనను. గొర్రె తప్ప లోకంలో వేరే జంతువు లేదనుకోవడమే వచ్చిన చిక్కు. అవ్వకు నేనంటే ప్రాణం, కాని అల్లుడు అడిగేసరికి ఎండబెట్టి దాచిన సీతాఫలం గింజల ముంత క్షణంలో బయటికి వచ్చింది. "తలకు పెట్టుకునేటప్పుడు కండ్లకు గుడ్డ కట్టుకుంటం గద బిడ్డా," అని ముంత ఇస్తూ గొణిగింది. బావ విననట్టు ఊరుకున్నాడు. అవ్వ కూడా తను అననట్టు ఊరుకుంది.

"బావ, పిల్లి ఒళ్లంత నాలుకతోటి నాక్కుంటది. గొర్రె నాక్కోదు," అన్నాను నేను.

"నువ్వు మెట్రిక్ చదివినవు బామ్మర్ది. నేను మందను చదివిన."

మళ్లీ అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వింది. ఆ నవ్వు నాకు గుచ్చుకుంది.

గింజలు నూరి, ఆముదంలో కలిపి, ముద్ద చేశాడు. చుక్కిని తల బయటికి ఉండేలా గోనెసంచిలో బిగించమని నన్నే పురమాయించాడు. నేను కదలకపోతే బాపు బిగించాడు. బావ ముందు మెడకూ తలకూ చెవులకూ పూసి, సంచి కొద్దికొద్దిగా కిందికి జారుస్తూ వీపుకు పట్టించాడు, పెళ్లికూతురికి నలుగు పెట్టినంత శ్రద్ధగా. పొట్ట దగ్గరికి వచ్చేసరికి చుక్కి సంచిలోంచి జారి బయటపడి, ఒక్కసారి ఒళ్లంతా విదిలించింది. ఆ తుంపర గోడకు, అమ్మ చీరకు, బావ కుడికంటికి తగిలింది. కంట్లో పడిందని ఆయన వెంటనే తుడుచుకున్నాడు. తుడుచుకున్నది ముద్ద పూసిన చేత్తోనే.

"నా కన్ను పాయె మామా," అని కూలబడ్డాడు.

ఆ తర్వాత ఇంట్లో జరిగిన హడావుడి చూస్తే, ఈనాటికీ చెబుతున్నాను, నా ఒళ్లు మండిపోయింది. అవ్వ ఆయన తల వెనక్కి వంచి కంట్లో నీళ్లు కుమ్మరిస్తోంది. అమ్మ విసనకర్రతో విసురుతోంది. అక్క ఏడుస్తోంది. బాపు బండి కట్టాలా, కల్వకుర్తి దవాఖానకు పోవాలా అని వాకిట్లోకీ ఇంట్లోకీ తిరుగుతున్నాడు. అక్కడ పల్లికాయ సంచుల సందులో చుక్కి రెండు కళ్లూ మూసుకుపోయి, నోట్లోంచి చొంగ కారుతూ, వణుకుతూ కూర్చుంది. ఒళ్లు నాకినట్టుంది.

"అవ్వా, జర ఒక చెంబు నీళ్లియ్యి," అన్నాను.

"ముందు అల్లునికి," అంది.

"ఆయన కన్ను ఒక్కటే. దీనివి రెండు."

"నోరు ముయ్యి," అన్నాడు బాపు. గుసగుసగానే అన్నాడు, బావకు వినబడితే బాగుండదని.

బిందె తీసుకుని బావికి పోయాను. ఎండాకాలం మిగిల్చిన నీళ్లు అడుగున ఉన్నాయి, చేద ఒకపట్టాన మునగదు. నూనె వదలాలని చుక్కి ఒంటికి శనగపిండి అద్ది తుడిచి, కడిగి, మళ్లీ అద్ది, మళ్లీ కడిగాను. కళ్లకు మెత్తటి గుడ్డ తడిపి ఉత్తనీళ్లు చుక్కచుక్కగా వదిలాను. అది నా చేతులను గీరి గీరి పెట్టింది. దాని మీద మాత్రం నాకు కోపం రాలేదు. ఆ రోజు కోపం రాకుండా ఉన్నది దాని ఒక్కదాని మీదే. సాయంత్రానికి చొంగ తగ్గింది, వణుకు తగ్గింది. కళ్లు మాత్రం తెరవలేదు.

బావ కంటిమీద తడిగుడ్డ వేసుకుని మంచంలో పడుకుని తీర్పు చెప్పాడు. "రేపు పొద్దుగాల నేను లేచేటాల్లకు ఆ పిల్లి గీ ఇంట్ల ఉండొద్దు మామా. ఉంటే నేను మా ఊరికి పోతున్న."

"ఉండది. వాగు అవతల ఇడిసొస్త," అన్నాడు బాపు.

బాపును కొట్టంలోకి పిలిచి అడిగాను. "కండ్లు గనబడని పిల్లి అది. వాగు అవతల ఇడిస్తే కుక్కలు బతకనిస్తయా?"

బాపు నా ముఖం చూడకుండా ఎడ్లకు గడ్డి వేస్తూ అన్నాడు. "నీకు పిల్లి బతుకు గావాల్నా, అక్క బతుకు గావాల్నా?"

ఆ ప్రశ్న నా కోపాన్ని రెట్టింపు చేసింది. ఇల్లు నిద్రపోయేలోపు బావను ఏమేం అనాలో మొత్తం డైరీలో వరుసగా రాసుకున్నాను. ఒక్క మాట మరిచిపోకుండా బడిపిల్లాడిలా వల్లె వేశాను. ఇప్పుడు ఆ పేజీ తిప్పితే, పాళీ గట్టిగా ఒత్తడం వల్ల అక్షరాలు వెనక పేజీలో కూడా తగులుతాయి.

మర్నాడు పొద్దున లేచి చూస్తే చుక్కిని పడుకోబెట్టిన గంప ఖాళీగా ఉంది. గడప దగ్గర బాపు చెప్పులు లేవు. నాకు ఇంకేమీ ఆలోచన రాలేదు. పెరట్లోకి పోయాను. బావ అటువైపు తిరిగి స్నానాల బండమీద కూర్చుని ఉన్నాడు. నేను ఆ వీపుకే మొదలుపెట్టాను.

"బావ, నువ్వు మాకు అల్లునివి, పిల్లికి గాదు. నీ మర్యాదతోటి దానికేం పని? గొర్రెకు పిల్లికి ఫరక్ తెలువనోనివి, నువ్వేం వైద్యం చేస్తవు? నువ్వు చేసిన పనికి అది కండ్లు పోగొట్టుకుంటే, ఇల్లు ఇడిసిపెట్టాల్సింది అదా, నువ్వా? నీ చేతిల మా అక్కనెట్ల పెట్టిండో మా బాపుకే తెల్వాలె."

అమ్మ తలుపు దగ్గర చెంబుతో అలాగే నిలబడిపోయింది. ఆమె వెనక అక్క. కొట్టంలోంచి గడ్డిమోపుతో వస్తున్న బాపు (కాళ్లకు చెప్పులున్నాయి) మోపు దించడం కూడా మరిచిపోయాడు. ఆ ఇంట్లో ఏ అల్లుడూ అటువంటి మాటలు విని ఉండడు.

బావ మెల్లగా ఇటు తిరిగాడు. కుడికన్ను బూరెలా ఉబ్బి మూసుకుపోయింది. ఒళ్లో ఆయన కండువాలో చుట్టి చుక్కి ఉంది. చేతిలో తడిపిన దూది.

"అయిపోయిందా బామ్మర్ది?" అన్నాడు.

"కాలే. ఇంక ఉంది," అన్నాను. నిజంగానే ఇంకా సగం ఉంది.

"ఉన్నది తర్వాత తిట్టు. ముందు జర నీళ్లు పొయ్యి, నా చెయ్యి ఖాళీ లేదు." దూదిని చుక్కి కంటి మూలకు ఆనించాడు. "దీని ఎడమకన్ను తెరిసింది. నాదే ఇంక తెర్వలే. రేత్రంత మండింది." తర్వాత చుక్కితోనే చెబుతున్నట్టు అన్నాడు. "గొర్రెపిల్లలకు ఎన్నిమాట్ల రాసిననో. మండుతాందని ఒక్కటన్న చెప్పకపాయె."

బాపు గొంతు సవరించుకుని, "మరి వాగు..." అన్నాడు.

"ఏం వాగు మామా? కండ్లు సరిగ లేనిదాన్ని తీస్కపోయి వాగు అవతల ఇడుస్తరా ఎవలన్న? పాపం గాదా?"

బాపు నావైపు చూశాడు. నేను బాపువైపు చూశాను. ఆ ఒక్క క్షణంలో నాకు వచ్చినంత కోపం, ఆ తర్వాత ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఏ పైఅధికారి మీదా రాలేదు. మిగిలిన సగం తిట్లు నాలుక చివరనే ఉన్నాయి, వరుస కూడా తప్పలేదు. అమ్మ చేతిలోంచి చెంబు లాక్కుని బండ దగ్గరికి పోయి నిలబడ్డాను. ఆ పంతొమ్మిదేళ్ల కుర్రవాణ్ని తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. పళ్లు పటపట కొరుకుతూనే, నీళ్లు ఎక్కువై చుక్కి బెదురుతుందేమోనని, చెంబును ఎంత మెల్లగా, ఎంత సన్నటి ధార పడేలా వంచి పట్టుకున్నాడో.