అన్న మాడికి పోయిన కథ

మా తెలుగు మిస్ పోయారు. పురసవాక్కంలో నేను లెక్కలు రాసే చీరల షాపుకి ఫోన్ చేసి ఈ మాట చెప్పినవాడు నాతో చదువుకున్న మండీ. వాషర్‌మెన్‌పేట్‌లో వాళ్ళ నాన్నకి మిరపకాయల మండీ, అంటే టోకు వ్యాపారం, ఉండేది కాబట్టి క్లాసంతా వాణ్ణి అలాగే పిలిచేది. ఇప్పుడా వ్యాపారం వాడిదే. "మిస్ పోయినారు. నిద్రలోనే. నువ్వు రా పా," అన్నాడు. ఇంకేదో చెప్పబోయి ఫోన్ పెట్టేశాడు. నేను కౌంటర్ వెనక కూర్చుని ఏడ్చాను. ఎవరు చూస్తే నాకేం?

మిస్ గురించి చెప్పాలంటే ముందు మేమెంత మొద్దులమో చెప్పాలి. ఇంట్లో పెద్దవాళ్ళు తెలుగులో అడిగితే తమిళంలో జవాబు చెప్పే రకం మేము. తెలుగు వాచకం తెరిస్తే చాలు, ఆవలింతలు మొదలు. ఏటేటా పిల్లలు తమిళం క్లాసుకి మారిపోతున్నారు. ఎనిమిదో తరగతికి వచ్చేసరికి వేళ్ళమీద లెక్కపెట్టేంతమందిమి మిగిలాం. ఇంకొక్కరు తగ్గినా వచ్చే ఏడు తెలుగు క్లాసు ఎత్తేస్తానని హెడ్మాస్టర్ తేల్చి చెప్పారు. ఆ ఒక్కరూ మండీయే అవుతాడని మాకందరికీ తెలుసు, మిస్‌కి ఇంకా బాగా తెలుసు.

ఒకరోజు మిస్ వాణ్ణి లేపి పాఠం చదవమన్నారు. 'అన్నం మాడిపోయింది. ఇల్లంతా మాడు వాసన' అని ఉంది. వాడు కూడబలుక్కుని చదివాడు.

"అర్థమైందా?"

"అయింది మిస్. అన్న మాడికి పోయినాడు. దానికెందుకు మిస్ వాసన వస్తింది?"

మా పేటలో మేడని మాడి అంటారు, తమిళంలో లాగే. తినేదాన్ని వాడు సోరు అంటాడు తప్ప అన్నం అన్న మాట వాడి నోట ఎన్నడూ రాలేదు. పొట్టలు పట్టుకుని నవ్వాం. వాడి చెవులు ఎర్రబడిపోయాయి. పుస్తకం మూసేసి, "రేపట్నించి నేను తమిళం క్లాసుకి పోతా," అన్నాడు. మిస్ మాత్రం నవ్వలేదు. "రేపొక్కరోజు ఈడ కూచో. ఎల్లుండి నీ ఇష్టం," అన్నారు.

మర్నాడు అందరికీ తలా ఒక కాగితం ఇచ్చారు. సైక్లోస్టైల్ సిరా ఇంకా చేతికి అంటుతోంది. 'అన్న మాడికి పోయినాడు. కాసేపటికి మాడు వాసన వచ్చింది' అని మొదలైంది కథ. తమ్ముడు మెట్ల కింద నిలబడి పిలుస్తాడు. "ఏం లేదురా, నువ్వు పైకి రా," అని పైనుంచి అన్న గొంతు పలుకుతుంది. తమ్ముడు మెట్టుమీద కాలు పెడతాడు. అప్పుడే వీధి తలుపు తీసుకుని అన్న లోపలికి వస్తాడు. కథ అంతే.

మండీ ఒకసారి చదివాడు. మళ్ళీ చదివాడు. "అట్టయితే మాడిలో ఉండేది ఎవురు మిస్?"

"నాకేం తెలుసు? ఇంకోసారి చదువు, ఆడ ఏడన్నా రాసుందేమో."

వాడు సాయంత్రం దాకా వెతికాడు. తమిళం క్లాసు మాట మళ్ళీ ఎత్తలేదు.

అప్పట్నుంచి ప్రతి శుక్రవారం ఒక దయ్యం వచ్చేది. చచ్చిపోయాక కూడా కుళాయి దగ్గర వరస వదలని ఆవిడ. కోడంబాక్కం స్టేషన్ వచ్చిన ప్రతిసారీ లేచి నిలబడి, దిగకుండా మళ్ళీ కూర్చునే పెద్దమనిషి. అవన్నీ మాలాగే మాట్లాడేవి, మా వీధుల్లోనే తిరిగేవి. కథ ఒక్క పేజీ దాటేది కాదు. "రెండో పేజీ ఉందంటే మొదటిదే ముట్టుకోరు మీరు, నాకు తెలీదా," అనేవారు. బడిలో దయ్యాలేమిటని హెడ్మాస్టర్ కోప్పడితే, "భయపడాలన్నా ముందు చదవాలి కదండీ," అన్నారట.

తమాషా ఏమిటంటే, అసలు భయం ఆవిడకే. వానాకాలంలో మబ్బు కమ్మి కరెంటు పోతే కుర్చీ వదిలి ముందు బెంచీ దగ్గరికి వచ్చేసేవారు. సుద్దపొడి అంటిన చేత్తో నా చెయ్యి గట్టిగా పట్టుకునేవారు. నోట్లో ఎప్పుడూ ఉండే లవంగం వాసన ఆ చీకట్లో దగ్గరగా తెలిసేది. "నవ్వొద్దండే. రాసేదాన్ని నేను, వాటి సంగతి మీకంటే నాకే ఎక్కువ తెలుసు," అనేవారు. అంత భయస్తురాలు ఇంట్లో ఒంటరిగా కూర్చుని మాకోసం ఆ కథలెలా రాసేవారో తలుచుకుంటే ఇప్పుడు గుండె బరువెక్కుతుంది. ఈ నాలుగు ముక్కలు తెలుగులో రాయగలుగుతున్నానంటే అది ఆమె పెట్టిన భిక్ష. మేం బడి దాటేదాకా క్లాసు నిలిచింది. ఇప్పటికీ నడుస్తోందట, పిల్లలు తక్కువే అయినా.

మిస్‌ని సాగనంపిన మర్నాడు మండీ కొట్టుకి వెళ్ళాను. మా వైపు ఎవరైనా పోతే వీధి గోడలకి పోస్టర్లు అంటిస్తారు, అన్నీ తమిళంలోనే. కొట్టు పక్క గోడమీద, ఆ వరసలో ఒకటి మాత్రం తెలుగులో ఉంది. ప్రెస్సులో తెలుగు టైపు లేదంటే మండీ తన చేత్తోనే రాసిచ్చి బ్లాకు చేయించాడట. అక్షరాలు ఒకటి లావు, ఒకటి సన్నం. 'మా తెలుగు మిస్ పోయినారు. మాకు చదివేది నేర్పిచ్చినారు' అని ఉంది.

వాడు కొట్టు తెరవకుండా ఎదురు అరుగుమీద కూర్చున్నాడు.

"ఏం చేస్తున్నావురా ఈడ?"

"ఎవురన్నా చదవతారేమోనని చూస్తా ఉండా."

"చదివారా?"

"నిలబడతా ఉండారు. ఇది ఏం భాష అని అడిగి పోతా ఉండారు." నేను పక్కన కూర్చున్నాను.

కాసేపటికి మా బడి యూనిఫాంలో ఇద్దరు ఆడపిల్లలు వచ్చి గోడ ముందు ఆగారు. అందులో ఒకతె వేలు పెట్టి, ఒక్కొక్క అక్షరం పైకి చదవడం మొదలుపెట్టింది. 'నేర్పి' దగ్గరికి వచ్చి ఆగిపోయింది. రోడ్డుకి ఇవతల, నా పక్కన, మండీ పెదవులు చప్పుడు లేకుండా కదిలాయి, ఆ పిల్లకి తర్వాతి అక్షరం అందిస్తున్నట్టు.