పక్కపిన్నుతో దిద్దిన ఫోటోలు

ఆ రోజుల్లో ఫోటో దిగడమంటే గుంటూరు వెళ్లి, స్టూడియోలో ఎత్తు స్టూలు మీద ఊపిరి బిగబట్టి కూర్చుని, ఆ తర్వాత వారం రోజులు ఎలా వచ్చామోనని బెంగపడటం. ఎనభైల మొదట్లో మాట ఇది. అంత కష్టపడి దిగినా, చేతికొచ్చిన ఫోటోలో అందరం అప్పుడే జ్వరం తగ్గి లేచినవాళ్లలా ఉండేవాళ్లం. అలాంటిది ప్రత్తిపాడు పక్కనున్న మా ఊళ్లో అప్పటికప్పుడు ఫోటో దించి, ఆ ఫోటోలోని మొహాలను కూడా దిద్దిపెట్టే ఘనత ఒక ఎండాకాలం నాకు దక్కింది. ఆ ఘనత నెత్తికెక్కి నేను చేసిన నిర్వాకం ఇన్నేళ్లయినా తల్చుకుంటే నవ్వూ వస్తుంది, సిగ్గూ వేస్తుంది.

నాకప్పుడు ఇరవై ఏళ్లు. గుంటూరులో నేర్చుకుని డ్రాయింగ్ హయ్యర్ పరీక్ష పాసై, ఏదో ఒక మిషను స్కూల్లో టీచరమ్మ ఉద్యోగం రాకపోతుందా అని ఇంట్లో కూర్చున్నాను. (ఊరికే కూర్చోలేదు, కనిపించిన ప్రతి గోడ మీదా మామిడికాయలూ చిలకలూ వేసి మా అమ్మ చేత తిట్లు తింటూ కూర్చున్నాను.) ఓడలో వంటపని చేసే మా చిన్నాన్న సెలవుకి వస్తూ ఒక కెమెరా తెచ్చాడు. మడిస్తే గుళ్లో పాడే పాటల పుస్తకమంత ఉండేది. విప్పి మీట నొక్కితే గుర్రుమంటూ ముందు నుంచి తెల్ల అంచున్న చదరపు ఫోటో బయటికొచ్చేది. మొదట అందులో ఏమీ కనిపించేది కాదు. కాసేపటికి మనుషులు ఒక్కొక్కరే మెల్లగా తేలేవాళ్లు. చిన్నాన్న తిరిగి వెళ్లేటప్పుడు ఆ కెమెరానీ, పది ఫోటోలొచ్చే ఒక డబ్బానీ నా చేతిలో పెట్టి, "బొమ్మలేసేదానివి, నీ దగ్గరుంటేనే దీనికి మర్యాద" అన్నాడు.

మొదటి ఫోటో మిరపకాయల కల్లంలో తీశాను. ఆ కల్లం మీసాల ఆసామిగారిది. అక్కడ రంగు పోయిన తాలుకాయలు ఏరే ఆడవాళ్లందరికీ మా నాయనమ్మే పెద్ద. నేను ఎర్రటి కాయల్ని తీద్దామనుకుంటే ఆసామిగారు వచ్చి సరిగ్గా మధ్యలో మీసం దువ్వుకుంటూ నిలబడ్డారు. ఫోటో ఖాళీగా బయటికి రాగానే నాయనమ్మ దాన్ని నా చేతిలోంచి లాక్కుని అటూ ఇటూ తిప్పింది. "ఇదింకా పచ్చిగా ఉందే. ఎండాలి" అని తీర్పు చెప్పి, తీసుకెళ్లి కాయల మీద పెట్టింది. (మా వైపు పచ్చిగా ఉన్నదేదైనా కల్లంలో పరవాల్సిందే, కాయైనా సరే, వడియమైనా సరే.) మధ్యాహ్నం అందరూ కాయల్ని కాళ్లతో తిరగేస్తూ ఫోటో సంగతే మర్చిపోయారు. సాయంత్రం దొరికేసరికి దాని మీద నాయనమ్మ కాలి బొటనవేలు పడి, ఆసామిగారి మీసం ఒక పక్క చెవి దాటి, తలపాగా దాటి, ఆకాశంలోకి సాగిపోయి ఉంది. తిట్లు తప్పవనుకుంటూ తీసుకెళ్లి ఇచ్చాను. ఆసామిగారు మాత్రం దాన్ని చాలాసేపు చూసి, "మీసం మా బాగా పడిందమ్మాయ్" అని ఇంటికి పట్టుకెళ్లి హాల్లో తగిలించుకున్నారు.

అప్పుడు అర్థమైంది నాకు. పైనున్న పల్చటి ప్లాస్టిక్ పొర కింద రంగులింకా ఆరకుండా ఉంటాయి. వేడి తగిలితే ఇంకా మెత్తబడతాయి. అప్పుడు మొండి మొనతో నొక్కితే ఎటు తోస్తే అటు జరుగుతాయి. జడలోంచి పక్కపిన్ను తీశాను, ఇక నన్నాపేవాళ్లు లేరు. తాటాకులకి మెలికలు తిప్పాను, మేఘాలకి చుట్టలు చుట్టాను. నేర్చుకోవడంలోనే నాలుగు ఫోటోలు హరించుకుపోయాయి. ఒకటే చిక్కు, కొత్త రంగు పుట్టదు, పక్కనున్నదాన్నే లాక్కోవాలి. మా మేనత్త చీరకి పెద్ద అంచు కావాలంటే వెనకున్న మిరపకాయల కుప్పలోంచి ఎరుపు లాగి పెట్టాను. అంచు బ్రహ్మాండంగా వచ్చింది గానీ కుప్ప సగమైపోయింది. మా గుడిలో ఆదివారం వాక్యం చెప్పే ఉపదేశిగారికి నడినెత్తిన వెంట్రుక లేదు. ఆయన చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "అమ్మాయ్, ఆ పిన్నుతో కాస్త... ఇక్కడ..." అని నెత్తి చూపించారు. ఆయన వెనక వేపచెట్టు తప్ప మరేం లేదు. నిండుగా జుట్టొచ్చింది, కాకపోతే ఆకుపచ్చగా వచ్చింది. ఆయన భార్య ఫోటో చూసి, "నాచు పట్టినా నిండుగా ఉందిలెండి" అందట.

ఇలా తొమ్మిది అయిపోయాయి. పదోది తనదేనని నాయనమ్మ మొదటి రోజే చెప్పి ఉంచింది. గుంటూరు స్టూడియోల్లో ఇంకో డబ్బా అడిగితే, నేను చూపించిన పైఅట్ట వాసన చూసి, "ఈ సరుకు మన దగ్గర దొరకదమ్మా" అన్నారు. చిన్నాన్న మళ్లీ రావాలంటే రెండేళ్లు పడుతుంది. కాబట్టి ఉన్నది అదొక్కటే.

నాయనమ్మ ఆదివారం గుడికి కట్టుకునే తెల్ల చీర కట్టుకుని పొద్దున్నే కల్లానికొచ్చింది. ఆమె పుట్టి బుద్ధెరిగాక దిగుతున్న మొదటి ఫోటో అది. "ఒసేయ్, నాకు మీసాలూ అంచులూ ఏం వద్దు. ఉన్నదున్నట్టు దింపు" అంది. ఎందుకంత పట్టుదల అనడిగితే, మామూలు మాట చెప్పినట్టే చెప్పింది: "మా అమ్మ మొహం నాకు గుర్తు రావట్లేదే. ఎంత తల్చుకున్నా చీర గుర్తొచ్చిద్ది, చెయ్యి గుర్తొచ్చిద్ది, మొహం రాదు. నువ్వు నన్నట్టా మర్చిపోకూడదు."

అంత స్పష్టంగా చెప్పిన మాటని చెవినపెట్టి ఉంటే ఈ కథే లేదు. ఫోటోలో నాయనమ్మ తేలుతుంటే నా చెయ్యి ఊరుకోలేదు. పిన్ను గుండ్రటి వైపుతో నుదుటి మీద ఒకసారి రుద్దాను. ముడత పోయింది. బుగ్గ మీద రుద్దాను. అక్కడా పోయింది. నాయనమ్మకి ఇంతకన్నా ఏం బహుమతి ఇవ్వగలనని మురిసిపోతూ, చుబుకం దాకా ఎక్కడా ఒక్క గీత లేకుండా తుడిచిపెట్టాను. పాతికేళ్ల పడుచు తయారైంది.

నాయనమ్మ ఫోటోని కళ్లకి దగ్గరగా పెట్టుకుంది, దూరంగా పెట్టుకుంది. "ఎవరే ఈవిడ? మీ గుంటూరు టీచరమ్మా?" అంది. కాయలేరేవాళ్లంతా చుట్టూ మూగి, "చీర మటుకు నీదే పెద్దమ్మా!" అని పగలబడి నవ్వారు. నాయనమ్మ నవ్వలేదు. "అయితే నేను రాలేదన్నమాట" అని ఫోటో నా చేతికిచ్చి, చీర మడిచి దోపుకుని తాలుకాయలు ఏరడానికి కూర్చుంది. నాకు ఏడుపు ఆగలేదు. కల్లం పక్కన గోతాల మీద కూర్చుని, మిరపకాయలు ముట్టుకున్న చేత్తోనే కళ్లు తుడుచుకున్నాను. ఇక చూసుకోండి నా అవస్థ! ఊరంతా వినబడేలా ఏడ్చాను.

నాయనమ్మే చెంబుతో నీళ్లు తెచ్చి నా కళ్లు కడిగింది. కడిగి, "ఆ ఫోటో ఇటు తే" అంది. ఎండ నెత్తి మీదున్న వేళ, సెగలు కక్కుతున్న కాయల మీద దాన్ని పెట్టింది. "ఆసామి బొమ్మ ఇక్కడ కాగబట్టేగా నా కాలి కింద నలిగింది. ఇదీ మెత్తబడిద్ది." కాసేపాగి, "పిన్నియ్యి" అంది. వేలిముద్ర తప్ప ఏనాడూ సంతకం చేయని మనిషి ఫోటోని ఒళ్లో పెట్టుకుని, తన మొహాన్ని ఎడంచేత్తో తడుముకుంటూ, ఎక్కడ గీత తగిలితే అక్కడ ఫోటోలో గీయడం మొదలుపెట్టింది. "ఇది మీ నాన్న పదో తరగతి రెండుసార్లు తప్పినందుకు." (మా నాన్న అప్పటికి బడిపంతులు. ఆ సంగతి మాకెవరికీ తెలియదు.) "ఇవన్నీ ఎండకి. ఇది మీ తాత నవ్విచ్చీ నవ్విచ్చీ పడ్డది. ఇదేమో నీ పుణ్యం, పొద్దున్నే పడింది." గీసేకొద్దీ ఆ తెలియని పడుచు కరిగిపోయి మా నాయనమ్మ ఒక్కో గీతగా తిరిగొచ్చింది. ఆ సంబరం ఇప్పటికీ నా ఒంటికి తెలుస్తుంది.

ఊపులో కనుబొమల మధ్య ఒకటి, పెదవి పక్కన ఒకటి అదనంగా పడ్డాయి. "నాయనమ్మా, ఈ రెండూ నీకు లేవు!" అన్నాను కంగారుగా.

"ఉండనీవే. ఎట్టాగూ వస్తాయిగా. వచ్చాక మళ్లీ ఫోటో ఎక్కడ దిగుతాం?" అంది.

ఆమె ఆ తర్వాత చాలా ఏళ్లు బతికింది గానీ ఆ రెండు గీతలూ మాత్రం రాలేదు. నాకు టీచరుద్యోగం వచ్చింది, రిటైరూ అయ్యాను. ఎందరో పిల్లల చేత చిలకలు వేయించాను గానీ, ఎవరి బొమ్మా అడక్కుండా దిద్దలేదు. ఆ ఫోటో రంగు పసుపు తిరిగి మా ఇంట్లో అద్దం పక్కనే ఉంది. మొన్న మా అమ్మాయి ముడతలు పోతాయని ఏదో క్రీము తెచ్చిస్తే, ముచ్చటపడి కళ్లజోడు పెట్టుకుని అద్దం ముందు నిలబడ్డాను. కనుబొమల మధ్య ఒకటి, పెదవి పక్కన ఒకటి. ఫోటో చూశాను, అద్దం చూశాను. రెండూ నాయనమ్మ గీసిన చోటే ఉన్నాయి. నవ్వొచ్చింది, నవ్వితే పెదవి పక్కది ఇంకా లోతుగా పడింది. ఉండనీలే అనుకుని క్రీము మూత బిగించేశాను.