పావురాయిని తగ్గించిన సత్యకుమారి

పల్లంరాజు గారి గుర్రాన్ని గేటు దగ్గర నుంచే చూసి పశువుల డాక్టరు అడిగిన మొదటి మాట, "ఇది ఎన్నో నెలండి?" అని. దాని పేరు పావురాయి, మగ గుర్రం. దొడ్లో పాలేళ్లు పగలబడి నవ్వారు. డాక్టరును నరసాపురం నుంచి తెచ్చింది బుల్లియ్య ఆటో. అదే ఆటోలో రొయ్యల షెడ్డు పని ముగించుకుని ఇంటికి పోతున్న బుల్లియ్య భార్య సత్యకుమారి మాత్రం నవ్వలేదు. ఎవరూ పిలవకుండానే దిగి వెళ్లి గుర్రం మెడ మీద చెయ్యి వేసింది. మెడ పైన కొవ్వు గట్టిపడి దిమ్మలా ఉంది. ఎంత నొక్కినా పక్కటెముకలు వేళ్లకు తగల్లేదు. వంగి ముందు కాళ్లు పట్టుకుని చూస్తే డెక్కలు వేడిగా ఉన్నాయి.

డాక్టరు కూడా అదే చెప్పాడు. ఇలాగే మేపితే డెక్కలు చెడిపోతాయనీ, ఆపైన అది నిలబడదనీ, పడుకున్న గుర్రం లేవదనీ అన్నాడు.

అది రెండువేల రెండు, కార్తీక మాసం. పల్లంరాజు గారి తండ్రి బతికున్నంత కాలం ఆ గుర్రం మీదే చేలగట్ల వెంట తిరిగేవారు. ఆయన పోయి ఐదేళ్లయింది. కొడుకు బుల్లెట్టు మనిషి. గుర్రానికి పని పోయింది గాని భోజనం పోలేదు. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని సామెత. ఈ గుర్రానికి కళ్లు కూడా బాగుండడంతో దాణా మరీ ఎక్కువైంది. పొద్దున తవుడూ బెల్లం, మధ్యాహ్నం ఉలవ గుగ్గిళ్లు, సాయంత్రం ఇంట్లో ఏం వండితే అది. ఆత్రేయపురం చుట్టాలు పూతరేకులు తెస్తే దానికి రెండు. మన వైపు ప్రేమ అంటే పెట్టడమే. పెట్టి, ఇంకాస్త పెట్టి, వద్దన్నవాడి కంచంలో మరో గరిటె వేసి గాని మనకు తృప్తి ఉండదు. ఆ ప్రేమే గుర్రాన్ని చంపుతోందంటే నమ్మేవాడెవడు?

"అయితే ఏలూరు బ్రోకరుకిచ్చేస్తాను. పెళ్లి ఊరేగింపులకి తిప్పుకుంటాడు," అన్నారు పల్లంరాజు గారు.

ఆ డెక్కలతో తారురోడ్డు మీద, బ్యాండుమేళం మధ్య, ఈ గుర్రం ఎండాకాలం దాటదని సత్యకుమారికి తెలుసు. నోరు ఆగలేదు. "నాకివ్వండి. శివరాత్రికి మనిషిని ఎక్కించి తీర్థానికి నడిపిస్తానండి."

"నువ్వా? రొయ్యల తలకాయలు తీసుకునేదానివి, గుర్రం సంగతి నీకేం తెలుసే?"

"ఆయ్, పుట్టింది గుర్రం పక్కనేనండి."

నిజమే. ఆమె తండ్రి వెంకటరమణ నరసాపురం స్టేషను దగ్గర జట్కా తోలేవాడు. ఆయనకు టైఫాయిడు వచ్చిన నెల, పద్నాలుగేళ్ల సత్యకుమారి పగ్గాలు పట్టింది. ఆడపిల్ల తోలే బండి ఎక్కడానికి పెద్దమనుషులకు పరువు అడ్డొచ్చింది. చేపల గంపలున్న ఆడవాళ్లకు మాత్రం ఏ అడ్డూ రాలేదు. ఆ నెల ఇల్లు గడిచింది వాళ్లవల్లే. తండ్రి లేచి కూర్చోగానే పగ్గాలు తీసేసుకున్నాడు, నలుగురూ నవ్వుతున్నారని. తర్వాత ఆటోలొచ్చాయి, జట్కాలు పోయాయి. పోనీ ఆ కోపం ఎవరి మీదైనా చూపిద్దామంటే, ఆమెను చేసుకున్నవాడే ఆటోవాలా అయ్యాడు. నలభై ఏళ్లొచ్చినా, ఆ పగ్గాలు చేతిలోంచి లాక్కున్న రోజు ఆమె మర్చిపోలేదు.

పల్లంరాజు గారు ఒప్పుకున్నారు. దయతో కాదు. శివరాత్రికి భీమవరం నుంచి బావమరుదులు వస్తారు. ప్రతిసారీ "మీ గేదె ఎలా ఉంది బావా?" అని అడుగుతారు. వాళ్ల కళ్ల ముందు, తండ్రిలాగే గుర్రమెక్కి తీర్థానికి వెళ్లాలని ఆయన కోరిక. "శివరాత్రికి నేను ఎక్కాలి. అవ్వలేదా, మర్నాడే ఏలూరు."

"తిండి నా చేతి మీదే జరగాలండి. ఇంకెవరి చెయ్యీ పడకూడదు."

"అలాగేలే."

షెడ్డు పనికి వెళ్లేలోపు, తెల్లవారుజామునే వచ్చి గుర్రాన్ని పట్టుకుని నడిపించేది. మొదటి వారం గేటు నుంచి కాలువ దాకా, అంతే. దానికే వగర్చి, నోట నురగ కట్టి, ఆగిపోయేది. బెల్లం మానేసింది. తవుడు మానేసింది. ఒక్కసారిగా కడుపు మాడ్చకుండా, గుగ్గిళ్లు మాత్రం రోజుకో గుప్పెడు చొప్పున తగ్గిస్తూ ఎండు గరిక పెంచింది. పొట్ట చుట్టూ కొబ్బరితాడుతో కొలిచి ముడి వేసింది. వారం వారం కొలిచేది. తగ్గితే కొత్త ముడి.

మూడు వారాలైనా కొత్త ముడి పడలేదు. తనకే చేత కావడం లేదేమో అనుకుంది. ఒకరోజు షెడ్డుకు సెలవు కావడంతో మధ్యాహ్నం వచ్చి చూస్తే, పల్లంరాజు గారి తల్లి చిన్నమ్మాయి గారు స్టూలు వేసుకుని కూర్చుని, సున్నుండలు ఒక్కొక్కటీ గుర్రం నోటికి అందిస్తోంది. గిన్నె సగం ఖాళీ.

"అమ్మగారూ, ఏంటండి ఇది?"

"ఆకలితో నావైపు చూస్తోందే. ఈ గుమ్మంలో తినే ప్రాణి ముందునుంచి గిన్నె తీసేస్తే ఇంటికి అరిష్టం."

"మీరు పెట్టేదానికే అది చచ్చిపోతుందండి."

"నోరు మూసుకో. ఆయన ఎక్కి తిరిగిన గుర్రం అది. నాకు చెప్పొచ్చావా?"

ముసలావిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లు చూసి సత్యకుమారికి జాలేసింది, ఒళ్లు కూడా మండింది. జాలిని పక్కన పెట్టింది. కట్టుతాడు విప్పి, పావురాయిని గేటు దాటించి, ఊరి మధ్య నుంచి తన ఇంటికి నడిపించుకుపోయింది. పల్లంరాజు గారు బుల్లెట్టు వేసుకుని వెంటపడి, "ఎవర్నడిగి తోలుకొచ్చావే?" అన్నారు.

"తిండి నా చేతి మీదే అంటే అలాగేనన్నారండి. తమ దొడ్లో నా మాట చెల్లడం లేదు. ఇక్కడైతే చెల్లుతుందండి."

శివరాత్రి గుర్తొచ్చి ఆయన బుల్లెట్టు వెనక్కి తిప్పారు.

ఆటో నిలిపే రేకుల షెడ్డు గుర్రానికైంది. ఆటో వానకు తడిసింది. "మీ నాన్న పగ ఇప్పటికి తీరిందే," అన్నాడు బుల్లియ్య. అన్నాడే గాని, సాయంత్రాలు కాలువగట్టున గరిక కోసి ఆటోలో వేసుకొచ్చేది అతనే. వీధి ఆడవాళ్లు మాత్రం ఊరుకోలేదు. పాపం, చిక్కిపోతోందని ఒకామె అన్నం ముద్ద, ఒకామె అరటిపళ్లు. సత్యకుమారి చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడింది. పెట్టనివ్వని పాపిష్టిదని పేరొచ్చింది. రానీ అంది.

ధనుర్మాసానికి ఒక ముడి పడింది. సంక్రాంతి వెళ్లేసరికి మూడు. ఆదివారాలు మొగల్తూరు అవతల సముద్రపు తడి ఇసుక మీద నడిపించేది, ఆ తర్వాత పరుగు నడక. డెక్కలు చల్లబడ్డాయి. ఆపినప్పుడు డొక్క మీద చెయ్యి వేసి ఊపిరి లెక్కపెట్టేది. నిమిషం తిరక్కుండానే ఎగశ్వాస సద్దుమణుగుతోంది. ఒకరోజు ఇసుక మీద అది తనంతట తాను తల విదిలించి దౌడు అందుకుంటే, తాడు పట్టుకుని వెంట పరిగెత్తి, చేతులు గీసుకుపోయి కూడా సత్యకుమారి గట్టిగా నవ్వింది. పద్నాలుగో ఏట తర్వాత అంత సంతోషం ఆమెకు అదే.

అప్పుడు జీను వేసి బరువు అలవాటు చేసింది. రొయ్యల మేత సంచుల్లో ఇసుక నింపి అటొకటి ఇటొకటి కట్టి నడిపింది. నలభై కిలోలు, అరవై, ఎనభై. ఎనభై దాకా చెవులు నిక్కబొడుచుకుని నడిచింది. తొంభై చేసిన రోజు వంతెన ఎక్కుతుంటే వెనక కాళ్లు వణికాయి. వెంటనే సంచులు కోసి పారేసింది.

అసలు చిక్కు అక్కడే వచ్చింది. ఆ సాయంత్రమే పల్లంరాజు గారిని చెరువు దగ్గర రొయ్యలు తూచే కాటా ఎక్కమంది. ఆయన నవ్వుకుంటూ ఎక్కారు. నూట పద్దెనిమిది.

"శివరాత్రికి నెలుందండి. దానితోపాటు తమరూ గట్టు మీద నడవండి. అది మోసేది ఎనభై కిలోలేనండి. ఈ నెలలో అంతకు దిగకపోయినా, దారిలో పడితే వచ్చే ఏటికి ఎక్కొచ్చండి."

"మా నాన్న ఎక్కిన గుర్రమే అది."

"పెద్దరాజుగారు సన్నగా ఉండేవారండి."

ఆయన రెండు రోజులు నడిచారు. మూడో రోజు పులస లేని కాలంలో ఎవరో కొరమీను పంపారు, నాలుగో రోజు పెళ్లి భోజనం. తర్వాత ఆ ఊసు ఎత్తలేదు. సత్యకుమారి మళ్లీ చెప్పింది. "నీ పని గుర్రం," అన్నారు.

శివరాత్రి పొద్దున పావురాయిని కడిగి, జీను వేసి, రాజుగారి వాకిట్లోకి తెచ్చింది. బూడిదరంగు ఒళ్లు మెరుస్తోంది, పొట్ట లోపలికి పోయింది, మెడ వంపు తేలింది. అరుగు మీద బావమరుదులు కాఫీ గ్లాసులు కింద పెట్టి లేచారు. ఎవరూ గేదె మాట ఎత్తలేదు. పల్లంరాజు గారు పట్టు పంచె బిగించి, పీట వేయించుకుని, కాలు పెట్టబోయారు.

సత్యకుమారి గుర్రానికీ ఆయనకూ మధ్య నిలబడింది. "ఎక్కనివ్వనండి."

పల్లంరాజు గారు ఎత్తిన కాలు దించారు.

"తప్పుకోవే. గుర్రం ఎవరిది?"

"తమరిదేనండి. వెన్ను మాత్రం దానిదండి. విరిగితే తమరు ఇంకోటి కొంటారు, అది ఇంకోటి తెచ్చుకోలేదు."

"నేను ఎక్కకపోతే అది తగ్గినా ఒకటే, తగ్గకపోయినా ఒకటే. రేపు పొద్దున్నే ఏలూరుకి పోతుంది."

"మనిషిని ఎక్కించి తీర్థానికి నడిపిస్తానన్నానండి. నడిపిస్తాను, చూడండి."

పీట మీద తన కాలు పెట్టింది. చీర గోచీ పోసి బిగించే వచ్చింది ఆమె. ఇలాంటిదేదో జరుగుతుందని రాత్రే అనుకుంది కాబోలు. ఎక్కి కూర్చుని, పగ్గాలు అందుకుని, గేటు దాటింది. వీధి వీధంతా గుమ్మాల్లోకొచ్చింది. తీర్థంలో జీళ్లు అమ్మేవాళ్లు, రంగులరాట్నం వాళ్లు, జనం దారి ఇచ్చారు. ఎవడో ఈల వేశాడు. ఆమె తల తిప్పలేదు. గుడి చుట్టూ తిప్పి, కాలువగట్టు మీద పరుగు నడకలో మూడు కిలోమీటర్లు తిరిగొచ్చి, వాకిట్లో ఆపింది. పావురాయి వగర్చలేదు.

పెద్ద బావమరిది నోరు తెరిచి, "గుర్రం తగ్గింది బావా..." అని, మిగతాది మింగేశాడు.

పల్లంరాజు గారి ముఖం జేవురించింది. "దిగు."

"దిగితే తమరు ఎక్కుతారండి. లేకపోతే ఏలూరు పంపుతారు. రెండూ చెయ్యనని ఇంతమందిలో ఒక మాట అనండి, దిగుతాను."

"నన్నే నిలబెట్టి అడుగుతున్నావా?"

"ఆయ్. అడుగుతున్నానండి."

పాలేరు ఒకడు కళ్లెం పట్టుకోవడానికి ముందుకొచ్చాడు. అరుగు మీంచి చిన్నమ్మాయి గారి గొంతు వినిపించి ఆగిపోయాడు. ఆవిడ స్తంభం పట్టుకుని నిలబడి గుర్రం వైపే చూస్తోంది.

"అనరా బాబూ," అంది. "దాన్నీ నిన్నూ పెట్టి పెట్టి పాడు చేసింది నేనే. నీకు చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. దీనికుంది. అను."

ఆయన తల్లి వైపు చూశారు, బావమరుదుల వైపు చూశారు, చివరికి గుర్రం మీద కూర్చున్న మనిషి వైపు తలెత్తి చూశారు.

"ఎక్కను," అన్నారు. "ఎవరికీ ఇవ్వను."

అప్పుడు సత్యకుమారి దిగింది. జీను పట్టీ వదులు చేసి, చెమట ఆరేదాకా నడిపించడానికి పావురాయిని కాలువగట్టు మీదికి తీసుకుపోయింది.