మస్తానయ్య చెయ్యి

అల్లూరు చుట్టుపక్కల గొప్పలు చెప్పుకునే పోటీ పెడితే, మస్తానయ్య ఉన్నంతవరకూ మిగతావాళ్లు పోటీ పడాల్సింది రెండో బహుమతికే. దుబాయిలో ఓ హోటల్లో ఉల్లిపాయలు తరిగే రోజుల్లోనే, తాను పెద్ద వంటమాస్టరునయ్యానని భార్య ఆదిశేషమ్మకు ఫోనులో చెప్పేశాడు. ఆమె ఊరంతా చెప్పేసింది. ఇక ఆ మాటను నిజం చేసుకోవడం తప్ప అతనికి దారి లేకపోయింది.

ఆ అవకాశం 2020 చివర్లో వచ్చింది. అంతకుముందు అక్కడ ఇజ్రాయెల్ పేరెత్తడానికే జంకేవాళ్లు. ఆ దేశానికి నేరుగా ఫోను కూడా కలిసేది కాదు. రెండు దేశాల స్నేహ ఒప్పందం మీద సంతకాలు అయ్యాయో లేదో, ఓనరు ఖల్ఫాన్ గారి హోటలు ముందు ఆ దేశపు జెండా ఎగిరింది. టూరిస్టులను పంపే యూదు ఏజెంట్లకు విందు ఏర్పాటైంది. ఓనరూ అతిథీ ఒకే పళ్లెంలోంచి తింటున్న ఫొటో కావాలన్నాడు, హోటలు ప్రచారం చూసే కావలి ఊరి కుర్రాడు క్రాంతి కుమార్. అది కుదిరితే వంటమాస్టరు పదవి మస్తానయ్యకేనని ఓనరు మాటిచ్చాడు.

అల్లూరు మనిషి మర్యాద చెయ్యాలంటే ఇంకేముంది, రొయ్యల ఇగురే. ఆ వాసనకు సముద్రంలో రెండు ఓడలు ఆగిపోయాయని మస్తానయ్య ఇప్పటికీ చెబుతాడు. మనం కాదనడం దేనికి? ఏజెంట్లలో పెద్దవాడు యోసీ మాత్రం పళ్లెం చూసి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. వాళ్ల మతంలో రొయ్య నిషేధం. ఖల్ఫాన్ గారు అందించబోయిన రొయ్య గాలిలోనే ఉండిపోయింది.

"నెల్లూరోళ్ల పరువు తీసినావు గదన్నా," అని క్రాంతి కుమార్ పళ్లు కొరికాడు.

మస్తానయ్యకు ఆదిశేషమ్మ కళ్ల ముందు మెదిలింది. వంటింట్లోకి పరిగెత్తి వేడి రొట్టెల పళ్లెం తెచ్చాడు. నెల్లూరు దర్గా పండగలో జనం చెరువు నీళ్లలో నిలబడి రొట్టెలు మార్చుకుంటారని, కోరిక ఉన్నవాడు చదువు రొట్టె, ఉద్యోగ రొట్టె అంటూ ఆ కోరిక పేరుతోనే అడిగి తీసుకుంటాడని, అది తీరాక మళ్లీ వచ్చి ఇంకొకరికి ఇస్తాడని, మతం ఎవరూ అడగరని, మస్తాన్ పేరు పెట్టుకున్న తానూ హిందువునేనని చెప్పుకొచ్చాడు. క్రాంతి కుమార్ దాన్ని ఇంగ్లీషులోకి మార్చాడు. పెద్దలిద్దరూ పగలబడి నవ్వి రొట్టెలు మార్చుకున్నారు. ఫొటో కుదిరింది. కింద "శాంతి రొట్టె – వంటమాస్టరు మస్తానయ్య" అని రాయించి హాల్లో తగిలించారు. నిజానికి ఇద్దరూ అడిగింది వ్యాపార రొట్టె. అది తీరింది కూడా, గదులు నిండిపోయాయి.

మూడేళ్లకు గాజాలో యుద్ధం వచ్చింది. జెండా లోపలికి పోయింది. ఫోనులో అక్కడి పిల్లలను చూసిన ఓనరు మనవరాలు, ఆ ఫొటో గోడ మీదున్నంత కాలం హోటల్లో అడుగుపెట్టనని తాతకు చెప్పేసింది. ఖల్ఫాన్ గారు తన చేతులతోనే దాన్ని దించారు.

"ఆ రోజు శాంతి రొట్టె ఎవరమూ అడగలేదు కదా మస్తాన్," అన్నారాయన.

మస్తానయ్య ఆ ఫొటో తనకివ్వమని మాత్రం అడిగాడు. వంటమాస్టరునని చూపించుకోవడానికి అదొక్కటే రుజువు మరి.

సెలవుకు వచ్చి దాన్ని ఇంట్లో ఫ్రిజ్ పైన గోడకు తగిలించాడు. ఆదిశేషమ్మ కింద పేరు చదివి, పైన ఇద్దరినీ చూసింది.

"పేరుంది సరే, నువ్వు యాడుండావయ్యా?"

మస్తానయ్య ఫొటో మూలకు వేలు పెట్టాడు. రొట్టెల పళ్లెం కింద సగం చెయ్యి కనిపిస్తోంది.

"ఎవురి చెయ్యో చూపించి నాదంటే నమ్మాల్నా?"

అంటూనే ఆమె దగ్గరికి వంగింది. ఆ మణికట్టు మీద కాలిన మచ్చ ఉంది. పెళ్లయిన కొత్తలో ఆమె చేతిలోని గరిటె నుంచి నూనె చింది పడిన మచ్చ అది. ఆమె చెంగుతో అద్దం తుడిచి, పక్కింటి స్వర్ణను కేకేసి, వచ్చి ఆ చెయ్యి చూడమంది.