రెండో రోజు మొదటి బొమ్మ

మా అక్క అబద్ధం ఆడదు. గొప్ప కోసం ఈ మాట చెప్పడం లేదు, విసుగుతో చెబుతున్నాను. చిన్నప్పుడు పక్కింటి కిటికీ అద్దం నేను పగలగొడితే, ఎవరూ అడక్కముందే వెళ్ళి "మా తమ్ముడు కొట్టాడండీ" అని చెప్పి వచ్చిన మనిషి. ఇప్పటికీ బావ కొత్త చొక్కా వేసుకుని ఎలా ఉందని అడిగితే, "బాగాలేదు" అని చెప్పి తన పనిలో తాను పడిపోతుంది. ఆయన మారుమాట్లాడకుండా దాన్ని విప్పేసి పాతది తొడుక్కుని వెళతాడు. ఇలాంటి మనిషి యాభై రెండో ఏట, యాభై ఏడు మందికి, తన చేత్తో రాసి, సంతకం పెట్టి మరీ అబద్ధం ఇచ్చింది. ఆ సంగతి పట్టుకున్నది నేనే. పట్టుకుని ఊరుకోక నోరు జారిందీ నేనే.

అక్క ఇరవై రెండేళ్ళుగా ఒక బట్టల కంపెనీలో ఎంబ్రాయిడరీ మిషన్లకి కంప్యూటరు మీద డిజైన్లు తయారుచేస్తోంది. దిండు గలీబుల మూలల్లో పువ్వులు, కర్టెన్ల అంచుల్లో తీగలు. తను ఒక్కసారి చేసిన పువ్వు నలభై వేల గలీబుల మీద పడుతుంది. "నా పువ్వు మీద ఎంతమంది తల పెట్టుకుని పడుకుంటున్నారో" అని మొదట్లో మురిసిపోయేది. కొన్నేళ్ళు పోయాక అదే మాట ముఖం ముడుచుకుని అనడం మొదలుపెట్టింది. నలభై వేలసార్లు ఒకే పువ్వు ఏమిటిరా, దానికీ విసుగొస్తుంది కదా అనేది. పువ్వుకి విసుగేమిటని నేను నవ్వేవాణ్ణి.

ఆ విసుగులోంచే ఈ పిచ్చి పుట్టింది. సెలవు రోజుల్లో కూర్చుని, బొమ్మలు గీసే ప్రోగ్రాములు రాయడం నేర్చుకుంది. పెన్ను పట్టుకుని కాగితం మీద గీతలు గీసే చిన్న మిషను ఒకటి తెచ్చుకుంది. గీత ఎక్కడ మొదలవ్వాలి, ఎంత దూరం పోవాలి, ఇంకో గీత ఎదురైతే తప్పుకోవాలా ఆగిపోవాలా, ఈ నియమాలన్నీ అక్కవి. మలుపు వచ్చినప్పుడు ఎటు తిరగాలో మాత్రం కంప్యూటరు చీటీ తీసినట్టు తేల్చుకుంటుంది. అందుకని ఒకసారి గీసిన బొమ్మ మళ్ళీ రాదు. నలభై వేల గలీబుల మనిషికి అంతకంటే కావలసిందేముంది! మొదటి బొమ్మ నాకు చూపించినప్పుడు ఆమె ముఖం చూడాలి. నాకా బొమ్మ అర్థం కాలేదు, ముఖం మాత్రం అర్థమైంది.

వాటిని ఎక్కడైనా ప్రదర్శనకి పెట్టమని గ్యాలరీల చుట్టూ కాళ్ళరిగేలా తిరిగింది. అందరూ పెదవి విరిచారు. ఒకాయన నవ్వుతూ, "మిషను గీస్తే ఇందులో మీరేం చేసినట్టమ్మా?" అన్నాడట. "మీ ఇంట్లో అన్నం కుక్కరు వండుతుందా, మీ ఆవిడ వండుతుందా?" అని అడిగి వచ్చేసింది. ఆ తలుపు అంతటితో మూసుకుపోయింది. ఇంక ఎవర్నీ అడగను, నేనే పెట్టుకుంటానంది. అంటే ఆగే రకం కాదు.

మూతపడిన చెప్పుల షాపు ఒకటి అయిదు రోజులకి అద్దెకి తీసుకుంది. గోడలకి చెక్క అరలు అలాగే ఉన్నాయి, తోలు వాసన పోలేదు. అక్క, బావ, నేను కలిసి అరలు ఊడదీసి, గోడలకి సున్నం కొట్టి, బొమ్మలు తగిలించాం. నాది ఫోటో ఫ్రేముల షాపు కాబట్టి ఫ్రేములన్నీ నా తలకే చుట్టింది. బావ స్టూలెక్కి లైట్లు బిగిస్తుంటే కింద నిలబడి, ఎడమకి, ఇంకా ఎడమకి, అని ప్రాణం తీసింది. గది మధ్యలో బల్ల వేసి మిషను పెట్టింది. వచ్చినవాళ్ళు ఎవరైనా మీట నొక్కవచ్చు. ఇరవై నిమిషాల్లో వాళ్ళకోసం ఒక బొమ్మ గీస్తుంది. దాని అడుగున అక్క స్వయంగా రాసేది: "ఇది మీ ఒక్కరి కోసం. ఇలాంటిది ఇంకొకటి లేదు, ఉండదు." సంతకం పెట్టి, చుట్టి, అట్ట గొట్టంలో పెట్టి ఇచ్చేసేది. పేరు, చిరునామా, వచ్చిన వేళ ఒక పుస్తకంలో రాసుకునేది. అంతే తప్ప తన దగ్గర ఏమీ ఉంచుకునేది కాదు.

"ఒక్కో ఫోటో తీసి పెట్టుకోవే" అన్నాను.

"ఫోటో తీస్తే అది ఒక్కటెలా అవుతుందిరా?" అంది.

రోజుకో రంగు పెన్ను. మొదటి రోజు నీలం, రెండో రోజు గోధుమ రంగు, తర్వాత ఆకుపచ్చ, ఎరుపు, నలుపు. అయిదు రోజుల్లో యాభై ఏడు మంది మీట నొక్కారు. ఆఖరి రోజు అరగంటసేపు కుర్చీలో ఊరికే కూర్చుండిపోయింది. "బాగా జరిగింది కదా?" అని నన్ను మూడుసార్లు అడిగింది. బాగా జరిగింది. నిజంగానే నాకూ గర్వంగా అనిపించింది.

నెల తిరక్కుండా మా వీధి చివర పళ్ళ డాక్టరు నీలం గీతల బొమ్మ ఒకటి ఫ్రేముకి తెచ్చాడు. మొదటి రోజు మొదట మీట నొక్కినవాడు ఆయనే. క్లినిక్కులో పెడతానన్నాడు. మర్నాడు పోస్టాఫీసులో ఉత్తరాలు విడదీసే పనిచేసే అమ్మాయి ఒకతె గోధుమ రంగు బొమ్మ తెచ్చింది. గొట్టంలోంచి బొమ్మని బయటికి తీసేటప్పుడు ఆ అమ్మాయి పడ్డ జాగ్రత్త చూసి, ఇది మామూలు బేరం కాదని నాకు తెలిసిపోయింది.

"ఇది మా నాన్నదండీ," అంది. "ఆరుగురు అన్నదమ్ముల్లో ఆయన నాలుగోవారు. చొక్కా అన్నలదే, పుస్తకం అన్నలదే, చెప్పులు కూడా అన్నలవే. మిల్లులో చేరాక మంచం కూడా వేరే షిఫ్టు ఆయనతో పంచుకున్నారట. ఆ రోజు మీ అక్కగారి దగ్గర దీన్ని తీసుకుని, దారంతా ఆ గొట్టం గుండెకి అదుముకునే వచ్చారు. ఇన్నేళ్ళకి నాకొక్కడికే అని ఒకటి దొరికిందమ్మా అన్నారు. ఇరవై రోజుల క్రితం పోయారు."

మంచి చెక్క చూసి చేస్తానని చెప్పి పంపించాను.

ఫ్రేములో బొమ్మ చుట్టూ అట్ట పెడతాం. గీతలు ఎక్కడిదాకా వచ్చాయో కొలిచి, అట్టకి మధ్యలో కిటికీలా కోస్తాం. డాక్టరు బొమ్మకి ముందురోజే కోసి పెట్టాను. అమ్మాయి బొమ్మ కొలిస్తే నాలుగు వైపులా అవే కొలతలు వచ్చాయి. టేపు తప్పేమోనని మళ్ళీ కొలిచాను. చివరికి డాక్టరుకి కోసిన అట్ట తెచ్చి దీని మీద పెడితే అతికినట్టు కూర్చుంది. అప్పుడు రెండూ పక్కపక్కన పరిచి చూశాను. పైన ఎడమవైపు గీతలన్నీ ముడిపడిన చోటు, అందులోంచి ఒకే ఒక్క గీత అంచుదాకా పోయి వెనక్కి తిరిగిన చోటు, అన్నీ ఒకటే. రంగు ఒక్కటే తేడా.

అప్పుడు నేను నోరు మూసుకుని రెండింటికీ ఫ్రేములు కట్టి ఇచ్చేసి ఉంటే ఈ కథ లేదు. నాకు నోటి దూల. సాయంత్రం ఆఫీసునుంచి వస్తూ అక్క షాపులో ఆగితే, వెటకారంగా, "ఏమే అక్కా, నీ మిషను కూడా గలీబుల కంపెనీలో చేరినట్టుందే!" అంటూ రెండూ చూపించాను.

అక్క నవ్వలేదు. రెండింటి మీదా వంగి, ఒక గీత వెంట వేలు పెట్టి చివరిదాకా పోయింది. తర్వాత రెండోదాని మీద. మెల్లగా స్టూలు మీద కూర్చుంది.

"పదకొండు," అంది.

"ఏం పదకొండే?"

"కంప్యూటరుకి నిజంగా చీటీ తియ్యడం రాదురా. మొదట ఒక అంకె ఇస్తే, దాన్నుంచి మిగతా అంకెలు పుట్టించుకుంటూ పోతుంది. మళ్ళీ అదే అంకె ఇస్తే మళ్ళీ అవే పుడతాయి. అందుకని మిషను ఆన్ చేసిన క్షణం గడియారంలో ఎంతుంటే ఆ అంకెతో మొదలుపెట్టమని రాశాను. ప్రదర్శనకి ముందు రోజు పెన్నులు పరీక్ష చేశాను చూడు, ఏ పెన్ను సిరా కక్కుతోందో తేలాలంటే అన్నిటితోనూ ఒకే బొమ్మ గియ్యాలి కదా. గడియారం అంకె తీసేసి పదకొండు అని పెట్టాను. మళ్ళీ మార్చలేదు."

"అంటే?"

"అంటే రోజూ పొద్దున ఆన్ చేసినప్పుడల్లా మళ్ళీ మొదటినుంచే గీసింది. ఏ రోజైనా మొదట వచ్చినవాళ్ళది ఒకే బొమ్మ. రెండో మనిషిదీ అంతే. నేను ఒక్క ఫోటో తీసినా తెలిసేది."

మర్నాడు పేర్ల పుస్తకం తెచ్చి, నా బల్ల మీదే కూర్చుని లెక్క తేల్చింది. యాభై ఏడు బొమ్మల్లో నిజంగా ఇంకొకటి లేనివి మూడు. ఆఖరి రోజు అందరికంటే చివర వచ్చిన ముగ్గురివి. మీరేం చేసినట్టన్న ఆ గ్యాలరీ ఆయన ఈ మాట వింటే పొట్ట పట్టుకుని నవ్వుతాడు కదా అంది. నేను ఓదార్చబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "ఆయన అడిగిందే నిజం తమ్ముడూ. నియమాలు రాసిందాన్ని, ఏ రెండూ ఒకటి కాకుండా చూడ్డమొక్కటే నేను చెయ్యాల్సిన పని. అదే చెయ్యలేదు. అయిదు రోజులూ వాళ్ళ ముఖాలు చూసి మురిసిపోయాను గానీ, బొమ్మల వంక సరిగ్గా చూడలేదురా." ఆ గొంతు విని నాకు నామీద నాకే కోపం వచ్చింది. ఎందుకు చూపించానా అని లోపల తిట్టుకున్నాను.

అందరికీ ఉత్తరాలు రాస్తానంది. రాసింది. డాక్టరు పగలబడి నవ్వి, "అయితే మా బొమ్మకి తోడబుట్టినవాళ్ళున్నారన్నమాట" అన్నాడు. ఒకాయన ఫోన్ చేసి నానామాటలూ అన్నాడు. ఎక్కువమంది పట్టించుకోలేదు, అదే ఎక్కువ బాధ పెట్టినట్టుంది ఆమెని. పోస్టాఫీసు అమ్మాయికి మాత్రం రాయలేదు. ఎదురుగా చెప్పాలంది.

"అక్కా, ఆ ఒక్క అమ్మాయిని వదిలెయ్యి," అన్నాను. "నీకు దణ్ణం పెడతాను. మిగతా వాళ్ళకి అది గోడమీద బొమ్మ. ఈ పిల్లకి అలా కాదు."

"అందుకే కదరా చెప్పాలి. అందరికంటే పెద్ద అబద్ధం వాళ్ళ నాన్నకే చెప్పాను."

"ఆయన లేడు కదే!"

"నేనున్నాను కదా," అంది. ఈ మొండితనం ముందు నేనెప్పుడు గెలిచాను గనక!

ఫ్రేము తీసుకోవడానికి ఆ అమ్మాయి వచ్చిన రోజు అక్క సెలవు పెట్టి పొద్దుటినుంచీ షాపులోనే కూర్చుంది. నేను లేత టేకు రంగు చెక్క వేసి, అద్దం రెండుసార్లు తుడిచి ఉంచాను. ఆ అమ్మాయి దాన్ని చూసి, "ఎంత బాగుందండీ" అంది. అప్పుడు అక్క ముందుకొచ్చి, అంతా చెప్పింది. పదకొండు గురించి, పెన్నుల గురించి, రోజూ పొద్దున ఆన్ చెయ్యడం గురించి. తన తప్పుని చిన్నది చేసుకోవడానికి ఒక్క మాట కూడా వాడలేదు.

ఆ అమ్మాయి ఫ్రేము అంచుమీద వేలు ఆనించి విన్నది.

"అయితే ఇది ఇంకొకరి దగ్గర కూడా ఉందా?"

"ఇంకో నలుగురి దగ్గరుందమ్మా. రంగులు వేరు. గీతలు ఇవే. నీకు కొత్తది గీసిస్తాను, ఈసారి నిజంగా..."

"వద్దండీ." ఫ్రేముని తన వైపు జరుపుకుంది. "నాన్నకి ఈ సంగతి తెలీదు కదా?"

"తెలీదమ్మా."

"ఇందాకటిదాకా నాకూ తెలీదు."

ఆ అమ్మాయి అద్దంలోంచి ఆ గీతల వంక చూసింది.

"మీరు మంచివాళ్ళే, కాదనడం లేదు," అంది ఆ అమ్మాయి. కోపంగా కూడా అనలేదు. "ఆ రోజు నాన్న దారంతా నవ్వుతూనే ఉన్నారు. ఆయన పోయాక ఇన్ని రోజులూ ఆ నవ్వే తలుచుకుంటూ గడిపాను. ఇకమీదట అది గుర్తొచ్చినప్పుడల్లా, పాపం నాన్న, ఆయనకి తెలీదు, అనుకోవాలి."

ఫ్రేముని పాత పేపర్లో చుట్టి ఇచ్చాను. రెండు చేతులతో పట్టుకుని, గుమ్మానికి తగలకుండా పక్కకి తిరిగి జాగ్రత్తగా వెళ్ళిపోయింది. అక్క ఆ అమ్మాయి వీధి మలుపు తిరిగేదాకా చూసింది. తర్వాత కూడా అటే చూస్తూ కూర్చుంది.

"ఒరేయ్," అంది, "చెప్పకుండా ఉండాల్సిందా?"

నేను బల్ల మీద గాజు ముక్కలు ఏరుతున్నాను. ఏదో ఒకటి చెప్పి దాటెయ్యాలని చూశాను. మంచిపనే చేశావక్కా అంటే సరిపోయేది. ఆమె కళ్ళనిండా నీళ్ళున్నాయి, నా నోట్లోంచి రాబోయే మాట కోసమే చూస్తోంది.

"అవునక్కా," అన్నాను.