ఎగరని పది పైసల బిళ్ళ

మా చిన్నాయన పోయాడని హోసూరు పక్క మూకండపల్లి నుంచి ఫోను వచ్చినప్పుడు నేను కృష్ణగిరిలో ఎలక్ట్రానిక్స్ క్లాసు చెబుతున్నాను. కాఫీ తాగి, అంగడి తాళాలు చేతికి తీసుకుని, గడపలోనే కూలబడ్డాడట. బస్సు కుందారపల్లి దాటేదాకా నాకు ఏడుపు రాలేదు. వచ్చాక ఆగలేదు. ఆర్నెల్లుగా ఆయనతో నేను మాట్లాడడం లేదు.

ఆయన మోటార్లకు తీగ చుట్టేవాడు. చుట్టుపక్కల రైతుల బోరు మోటార్లు కాలిపోతే ఆయన దగ్గరికే వచ్చేవి. తొంభైల్లో నాకు హోసూరులో ఫ్యాక్టరీ పని దొరికి నాలుగేళ్లు చిన్నాయన ఇంట్లోనే ఉన్నాను. ముక్కు మీద కోపం మనిషికి. తీగ మొదలుకు ఎర్రదారం కట్టనిదే పని మొదలుపెట్టడు. తాను చుట్టిన మోటారు తిరిగొస్తే సాకులు చెప్పేవాడు కాదు. "తీగ అబద్ధం చెప్పదప్పా, తప్పు చుట్టినోడిదే" అనేవాడు.

చిన్నమ్మకు మోకాళ్ల నొప్పులు. బెంగళూరు ఆసుపత్రిలో అయస్కాంతపు మిషను పెడతామని, వారానికి మూడుసార్లు రమ్మని అన్నారు. ఆమెకు బస్సు మెట్లెక్కడమే గండం. "ఆ మిషనేదో ఈడే చేస్తా" అని చిన్నాయన పాత కెపాసిటర్లు, రాగితీగ ముందేసుకుని కూర్చున్నాడు. కెపాసిటరులో నిండిన కరెంటు ఒక్కసారిగా ఒకదాని మీద ఒకటి పెట్టిన రెండు తీగచుట్టల్లోకి దూకాలి. టక్‌మంటుంది, ఆ క్షణం అయస్కాంతం పుడుతుంది. పుట్టిందో లేదో తెలియడానికి చుట్టల మీద పది పైసల అల్యూమినియం బిళ్ళ పెట్టేవాడు. ఆ తోపుకు అది ఎగరాలి.

టక్‌మంది గానీ బిళ్ళ కదల్లేదు. కెపాసిటరు మార్చాడు, డయోడు మార్చాడు, చిన్నమ్మ మీద కేకలేశాడు. పది రోజులయ్యాక నేను చుట్టలకు టార్చి బ్యాటరీ తగిలించి దిక్సూచి పెట్టి చూశాను. పై చుట్ట దగ్గర ముల్లు ఒకవైపు తిరిగింది, కింది చుట్ట దగ్గర ఇంకోవైపు. మోటారులో పక్కపక్క చుట్టల అయస్కాంతాలు ఎదురు దిక్కుల్లో ఉండాలి. చేతి అలవాటు కొద్దీ ఇక్కడా అలాగే కలిపేశాడు. ఒకదాని బలాన్ని ఇంకొకటి మింగేస్తోంది.

"చిన్నాయనా, ఇది బోరు మోటారు కాదు, చిన్నమ్మ మోకాలు" అన్నాను.

నెత్తి కొట్టుకున్నాడు. కింది చుట్ట కొసలు మార్చి స్విచ్చి నొక్కితే బిళ్ళ ఎగిరి చారుగిన్నెలో పడింది. ఆయన అంతగా నవ్వడం నేను మళ్లీ చూడలేదు.

ఆనాటి నుంచి రోజూ సాయంత్రం బిళ్ళ ఎగరేసి చూపించి, ఆమె మోకాలికి చుట్టలు కట్టి, ఎదురుగా ముక్కాలిపీట మీద అరగంట కూర్చునేవాడు.

"తగ్గిందా?"

"తగ్గిందిలే."

తగ్గిందో లేదో నాకు అనుమానమే. నేను పెళ్లయి కృష్ణగిరి వెళ్లిన కొన్నేళ్లకు ఆమెకు గుండెదడ వచ్చింది. ఆ మిషను జోలికి పోవద్దని డాక్టరు చెప్పాడు. అయినా ఆర్నెల్ల కిందట నేను వెళ్లినప్పుడు లోపల టక్ టక్ వినిపించింది. ఒళ్లు మండింది. "నువ్వే ఆమెను చంపేస్తావు" అనేశాను. "సుమ్నే ఉండమ్మా, ఊరుకో, నాకు తెలుసు" అన్నాడు, అంతే. ఆయనతో నా ఆఖరి మాట ఆ 'చంపేస్తావు' అన్నదే.

పదకొండో రోజు కార్యమయ్యాక చిన్నమ్మ ఆ పెట్టె తెచ్చి నా ముందు పెట్టింది. "మోగడం లేదమ్మా, రవంత చూడు."

వయరు ఊడింది, అంతే. అతికిస్తూ లోపల చూశాను. కింది చుట్ట కొసలు మళ్లీ తిరగేసి ఉన్నాయి. పొరపాటున కాదు. టాకా వేసిన అతుకు మీద స్లీవు గొట్టం తొడిగి, ఎర్రదారం కట్టి మరీ తిరగేశాడు. టక్‌మనడమే తప్ప అందులో అయస్కాంతం లేదు. మూలన పది పైసల బిళ్ళ కాగితంలో చుట్టి ఉంది. అబద్ధం చెప్పని తీగ చేత ఆమె కోసం అబద్ధం చెప్పించాడు. డాక్టరు వద్దన్నాకే తిరగేసి ఉంటాడు.

"నాకు తెలుసులేమ్మా" అంది చిన్నమ్మ. "బిళ్ళ యాడో పోయిందని ఆయన చెప్పిన దినమే తెలుసు. అడిగితే ఇంక నా ఎదురుగా కూర్చోడని అడగలేదు."

"సరిచేసేదా?"

"వద్దు. అట్లే బిగించు."

బిగించాను. ఆమె చుట్టలు మోకాలికి కట్టుకుని, పైన బిళ్ళ పెట్టి స్విచ్చి వేసింది. టక్. బిళ్ళ కదల్లేదు. టక్. ఎదురుగా ముక్కాలిపీట ఖాళీగా ఉంది. దానివైపు చూస్తూ, ఎవరూ అడగకుండానే, "తగ్గిందిలే" అంది.